మిచ్చం డబ్బాలు

మా ఇంట్లో ఏ వస్తువూ అయిపోయేది కాదు. మిగిలేది. సబ్బు అరిగి అరిగి ఆకంత పలచనైతే దాన్ని కొత్త సబ్బు వీపుకు అంటించేవాళ్లం. పళ్ల పేస్టు గొట్టం ఎంత నొక్కినా పలకకపోతే, నాయన బ్లేడుతో దాన్ని నిలువునా కోసి, లోపలికి తొంగి చూసి, "ఇంకా నాలుగు దినాలకు ఉండాది" అని తేల్చేవాడు. నాలుగు రోజులకూ వచ్చేది కూడా. ఆ తర్వాత ఆ గొట్టం రేకు అమ్మ బంక గీకే చెంచా అయ్యేది.

నాయన వేలూరు పక్క గుడియాత్తంలో తాపీ మేస్త్రి. అమ్మ ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెల డొప్పలు అంటించేది. మేముండే అద్దె ఇంటి అటక మీద వరసగా డబ్బాలుండేవి. పాలపొడి డబ్బా, బిస్కెట్ల డబ్బా, మూత పోయిన రంగు డబ్బా. ఎక్కడైనా ఒక కట్టడం ముగిస్తే అక్కడ మిగిలినవన్నీ వీటిలోకి చేరేవి. వంగిన మేకులు, జానెడు కట్టుకమ్మి ముక్కలు, గుడ్డలో మూటగట్టిన తెల్ల సిమెంటు, నేలకు వేసే ఎర్రరంగు పొడి. వాటిని మేము మిచ్చం డబ్బాలు అనేవాళ్లం. మిచ్చమంటే అరవంలో మిగిలింది అని. మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ, లెక్కలకూ ఆస్పత్రికీ కోపానికీ అరవం వాడుకుంటాం.

ఆ మిగిలినవాటిని కూడా నాయన ఇంటివాళ్లను అడిగే తెచ్చేవాడు. పిడికెడు మేకులు తీసుకుంటానంటే ఎవరు కాదంటారు? అయినా అడిగేవాడు. అడిగి తెచ్చుకుంటే మిచ్చం, అడక్కుండా తెచ్చుకుంటే దొంగతనం అని ఆయన లెక్క. ఈ లెక్క వల్ల మా డబ్బాలకు రావలసిన మేకులు కొన్ని తగ్గే ఉంటాయి.

ఊరి చివర, మోర్ధానా పోయే దారిలో, నాయనకు చిన్న స్థలం ఉండేది. ఎప్పుడో చవకలో కొన్నది. ఆదివారాలు అక్కడికి పోయి మా ఇంటి గోడలు లేపేవాడు. ఇటుకలు నాలుగు బట్టీలవి. ముందు గది కిటికీ ఒక వకీలుగారు వద్దనుకున్నది. వెనక గది కిటికీ ఒక బియ్యం మండీది, అందుకని కమ్ములు ఎలుక కూడా దూరలేనంత దగ్గరగా ఉండేవి. మూడు తలుపులు మూడు ఎత్తులు. "మన ఇంట్లో ఊరంతా ఉండాది చూడు" అని నాయన మురిసిపోయేవాడు.

పైకప్పు మాత్రం లేదు. గోడ అయితే ఈ ఆదివారం మూడు వరసలు, వచ్చే ఆదివారం రెండు వరసలు లేపుకోవచ్చు. మిద్దె అలా కాదు. కమ్మి, కంకరజల్లి, ఇసుక, సిమెంటు, అవి కలిపే మిషను, మనుషులు అందరూ ఒకే రోజుకు సిద్ధంగా ఉండాలి. పొద్దున మొదలుపెడితే చివరి గంప పడేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే ఆపినచోట అతుకు పడుతుంది, ఏదో ఒక వానకు ఆ అతుకు కారడం మొదలుపెడుతుంది. మిచ్చంతో గోడలు కట్టొచ్చు గానీ మిద్దె పోయలేం. దానికి డబ్బు కావాలి, అదీ ఒక్కసారిగా.

దేశం తలుపులు తెరుస్తోందని ఆ రోజుల్లో పేపర్లు రాసేవి. టీ కొట్లో ఊరికే చదివేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. తలుపులు మాకూ ఉండేవి, మూడు. పైకప్పే లేదు. వేలూరు అంగళ్లలో అద్దాల వెనక రంగుల టీవీలు ఒకే మనిషిని పది డబ్బాల్లో చూపించేవి. సిమెంటు ధర ఏడాదికేడాది పెరిగేది. మేము కూడబెట్టిన డబ్బు కదిలిపోయిన బస్సు వెనక చెయ్యి ఊపుతూ పరుగెత్తే మనిషిలా దాని వెనక పరుగెత్తేది.

నేను అప్పుడు వేలూరులో బీకాం చదివేవాణ్ణి. ఖర్చులు రెండు రకాలు, స్థిరంగా ఉండేవి, మారుతూ ఉండేవి అని మాకు పాఠం. మా ఇంట్లో ఖర్చులూ రెండు రకాలే. తప్పించుకోగలిగినవి, ఎలా తప్పించుకోవాలో ఇంకా తెలియనివి. అమ్మ పద్ధతి మరీ సులువు. శనివారం నాయన కూలి చేతికి రాగానే ముందు మిద్దె డబ్బు తీసి పక్కన పెట్టేది. మిగిలినదాంట్లో ఇల్లు నడిచేది. అంటే మేము బతికింది కూడా మిచ్చం మీదే. బస్సు దిగడంలో సైతం ఒక పొదుపు ఉండేది. ఒక స్టేజీ ముందు దిగితే టికెట్టు తగ్గుతుంది. వేలూరును నేను ఎక్కువగా నడిచే చూశాను.

ఈ పొదుపుల మధ్య నాయన చేసిన ఒక దుబారా నాకు బాగా గుర్తు. విరించిపురంలో ఒక పెద్దమనిషికి మిద్దె పోశాడు. మిద్దె పోశాక దాని మీద చిన్న చిన్న మడులు కట్టి మూడు వారాలు నీళ్లు నిలపాలి. ఆ పెద్దమనిషి వారం రోజులు నిలిపి, మిద్దె గట్టిపడిందని మానేశాడు. మోటారు తిప్పితే కరెంటు బిల్లు వస్తుందని ఆయన బాధ. ఈ సంగతి ఎవరో చెబితే నాయన ఒక పూట కూలి వదులుకుని, సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని, విరించిపురం పోయాడు. సెలవు రోజు కాబట్టి నన్నూ తీసుకుపోయాడు.

"పైన గట్టిగా ఉండాదని లోపల గట్టిపడిందని మీకెవరు చెప్పినారు సార్?" అని వాకిట్లోనే మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, తట్టి చూసినా. రాయి మాదిరి ఉండాది" అన్నాడాయన. ఆయనా తెలుగాయనే.

"ఆమా, రాయి మాదిరే ఉంటాది. ఇప్పుడు వదిలేస్తే మూడో వానకు పైన రాయి మాదిరి, కింద జల్లెడ మాదిరి ఉంటాది. అప్పుడు నన్ను పిలవద్దు."

ఆయన ముఖం ముడుచుకుని మోటారు వేశాడు. నాయన నీళ్లు మడుల్లో నిండేదాకా అక్కడే నిలబడి, నిండాక బస్సెక్కాడు. మిగిలిన కూలి డబ్బులో ఆ పెద్దమనిషి కొంత కోసుకున్నాడనుకుంటాను. 

దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. సిమెంటు, సున్నం, ఇటుక ధూళి మధ్య తిరిగే మనిషి దగ్గకపోతేనే వింత. మెడికల్ షాపులో తియ్యటి మందు కొని, చెంచాకు బదులు మూతతో కొలిచి తాగేవాడు. మూత చెంచా కంటే చిన్నది. కొన్నాళ్లకు చొక్కా వదులైంది. అమ్మ దానికి రెండు కుట్లు వేసింది. కొత్త చొక్కా ఖర్చు తప్పింది.

ఒకరోజు నాయన తన తువ్వాలు తనే ఉతుక్కున్నాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారట. అమ్మ అగ్గిపెట్టెల పని పక్కకు నెట్టి లేచింది.

"ఏమయ్యా, ఏంటికి ఉతుకుతా ఉండావు?"

"ఊరికే. బురద."

"బురద ఎర్రగా ఉంటాదా?"

నాయన తువ్వాలు పిండి ఆరేశాడు. అమ్మ మర్నాడే సర్కారు ఆస్పత్రికి లాక్కుపోయింది. కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేసి క్షయ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగాలి, ఒక్క రోజు మానకూడదు, మాత్రలు వారానికోసారి ఇక్కడే ఉచితంగా ఇస్తాం అని మంచిగానే చెప్పారు. నాయన రెండుసార్లు పోయి తెచ్చుకున్నాడు. మూడోసారి లెక్క వేశాడు. పోవాలంటే పొద్దునే పోవాలి, వరసలో నిలబడితే మధ్యాహ్నం అవుతుంది, ఆ పూటకు పనిలోకి రానివ్వరు. ఒక రోజు కూలి పాయె. అదే మాత్రలు మెడికల్ షాపులో కొంటే కూలి కంటే తక్కువే అవుతుంది. ఉచితం కంటే కొనుక్కోవడమే చవకని నాయన కనిపెట్టాడు. తప్పు పట్టేందుకు ఆ లెక్కలో ఏమీ లేదు. బీకాం చదివే నేనూ అంతకంటే బాగా వెయ్యలేను.

ఆ మాత్రల్లో ఒకటి మూత్రాన్ని ఎర్రటి నారింజ రంగు చేసేది. నాయనకు అదొక తమాషా.

"నేలకు రంగు కలిపినట్టే ఉండాది రా. ఇంకొంచెం చిక్కబడితే ఒక గదికి వస్తాది" అనేవాడు.

"థూ, నోరు కడుక్కో" అనేది అమ్మ. కానీ ఆయన నవ్వుతుంటే ఆమెకూ నవ్వొచ్చేది. రెండు నెలలు తిరక్కుండానే దగ్గు పోయింది. ఆకలి పుట్టింది. చొక్కాకు వేసిన కుట్లు విప్పేయాల్సి వచ్చింది. నాయన మళ్లీ సారువ కర్రలు ఎక్కి గోడల మీద నడవడం మొదలుపెట్టాడు.

మాత్రలు మానేయడం ఒక సాయంత్రం, రాగిసంకటి తింటుండగా, పెద్ద చర్చ లేకుండానే తేలిపోయింది.

"దగ్గు యాడుండాదే ఇప్పుడు?" అన్నాడు నాయన అమ్మతో.

"ఆర్నెల్లు అన్నారు గదా."

"అంటారు. అనేదానికి ఏం, నోరే గదా. కొనేది నేను గదా. ఒక నెల మాత్రలకు ఎన్ని మూటల సిమెంటు వస్తాదో తెలుసునా నీకు?"

అమ్మకు తెలుసు. మా ఇంట్లో ఏ ధరనైనా చివరికి సిమెంటు మూటల్లోకి మార్చి చూసేవాళ్లం.

"మరి తెచ్చినవి?"

"పారేస్తామా? అటక మీద డబ్బాలో ఎయ్యి. మళ్లా వస్తే ఉంటాయి."

అమ్మ మిగిలిన మాత్రల అట్టల్ని లెక్కగా పేర్చి, పాలపొడి డబ్బాలో పెట్టి, మూత బిగించింది. కొన్నాళ్లకు నాయన మూత్రం మామూలు రంగుకు వచ్చింది. రోగం దిగిపోయిందనడానికి ఆయనకు అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేకపోయింది. నేను ఒక సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికొస్తే, "ఒళ్లు కడిగేసినట్టు ఉండాది రా" అన్నాడు నాతో. కడిగేసినట్టే కనబడ్డాడు.

మరుసటేడు వానలు పోయాక, కావేరిపాక్కం చెరువు దగ్గర ఒక రైతు ఇంటి పనిలో ఉన్నప్పుడు, దగ్గు తిరిగొచ్చింది. నాయన కంగారు పడలేదు. మందు ఇంట్లోనే ఉంది కదా. అటక మీద డబ్బా దించి, ఉన్నవి మింగాడు. ఒకటికి సగం చేసి మింగాడు, ఎక్కువ రోజులు వస్తాయని. దగ్గు కొంచెం తగ్గింది. తగ్గగానే మిగిలినవి మళ్లీ డబ్బాలోకి పోయాయి. ఈ రాకపోకలు ఏడాదికి పైగా నడిచాయి. డబ్బా ఖాళీ అయితే ఒక అట్ట కొనేవాడు. అందులోనూ కొంత మిగిల్చేవాడు.

ఇంతలో నేను బీకాం పూర్తి చేసి, వేలూరులో కమ్మీ, సిమెంటూ అమ్మే ఒక దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాను. దేశంలో ఎవరెవరు మిద్దెలు పోస్తున్నారో నాకు ముందుగా తెలిసేది. మా మిద్దె డబ్బు కూడా ఆ ఏడాది దాదాపు నిండింది. సరిగ్గా అప్పుడే నాయన పని మీద కూలబడ్డాడు. ఎత్తు నుంచి కాదు, అదృష్టం. ఇసుక కుప్ప మీద.

వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. కళ్లెను ఏవో గాజు గిన్నెల్లో పెంచి చూడాలని కొన్ని వారాలు తిప్పారు. చివరికి ఒక డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, మెల్లగా, అరవంలో చెప్పింది. దగ్గు తగ్గిందని మాత్రలు మానేశారు కదా, పైకి తగ్గింది గానీ లోపల పురుగు చావలేదు, సగం సగం మందు తిని తిని అది ఆ మందుకు అలవాటు పడిపోయింది, ఇక ఆ మాత్రలు పనిచెయ్యవు అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

నాయన తల దించుకుని, తెలుగులో, తనలో తనే అన్నట్టుగా, "నీళ్లు ఆపేసినట్టు" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఏమీ లేదన్నట్టు తల ఊపాను. విరించిపురం పెద్దమనిషి వాకిలీ, తట్టి చూస్తే రాయిలా ఉందన్న మాటా నాకు గుర్తొచ్చాయి. అదంతా ఆమెకు అరవంలో చెప్పడం నా వల్ల కాలేదు.

వేరే మందులున్నాయి అంది ఆమె. ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు వాడాలి. మొదటి నెలల్లో రోజూ సూది కూడా. కొన్ని మద్రాసు నుంచి తెప్పించుకోవాలి. ఖరీదెక్కువ. తప్పక నయమవుతుందని చెప్పలేను, కానీ వాడకపోతే ఏమవుతుందో చెప్పగలను అంది.

తిరుగు బస్సులో, పళ్లికొండ దాటాక, నాయన అడిగాడు.

"నెలకు ఎన్ని మూటలు పడతాది రా?"

చెప్పాను.

"రెండేండ్లకు?"

చెప్పాను. నాయన కిటికీ బయటికి చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కబెట్టుకున్నాడు. గుడియాత్తం వచ్చేలోపల లెక్క తేలినట్టుంది. "మన మిద్దె సరిపోతాది" అన్నాడు. మిద్దె డబ్బంతా మందుకు సరిగ్గా సరిపోతుందని ఆయన అర్థం. ఏమీ మిగలకుండా సరిపోవడం మా ఇంట్లో అదే మొదటిసారి.

అమ్మ దగ్గర రెండో ఆలోచన లేదు. మందే కొనాలి అంది.

"మిద్దె లేకుంటే ఏం? రేకులు ఎయ్యి."

"రేకులా?" నాయనకు నిజంగానే దెబ్బ తగిలింది. "ఊళ్లోవాళ్లకంతా మిద్దెలు పోసి, నేను పోయి రేకుల కింద పండుకోవాల్నా?"

"పండుకునేదానికి ముందు మనిషి ఉండల్ల గదా!"

నాయన దగ్గాడు. 

ఒక నెల మందులు కొన్నాం. కంచం, గ్లాసు వేరు పెట్టాం. వీధి చివర ఉండే కాంపౌండరు రోజూ వచ్చి సూది పొడిచేవాడు. ఆ సూదికి నాయన చెవుల్లో హోరుమనేది. తిన్నది నిలిచేది కాదు. "సంకటి మిచ్చమవతా ఉండాదే" అని అమ్మతో వేళాకోళమాడేవాడు. అమ్మ నవ్వేది కాదు.

రెండో నెల మందుల కోసం అమ్మ డబ్బు ఇచ్చి నాయన్ను వేలూరు పంపింది. నేను దుకాణంలో పని ముగించుకుని బస్టాండులో కలుసుకుని తీసుకొస్తానని ఏర్పాటు. బస్టాండుకు నాయన చేతులూపుకుంటూ వచ్చాడు.

"మందులు?"

"కొంటాంలే."

ఇంటికి వచ్చి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాక గానీ సంగతి చెప్పలేదు. మందుల షాపుకు బయల్దేరిన మనిషి, మధ్యలో కమ్మి దుకాణానికి పోయి మిద్దెకు మొత్తం కమ్మి బేరం చేసి బయానా ఇచ్చాడు. నేను పనిచేసే దుకాణం కాదు, దాని ఎదురుగా ఉండేది. నేను అడ్డుపడతానని కాదట, ఎదుటి దుకాణంలో ధర కొంచెం తక్కువని. అక్కడి నుంచి సెంట్రింగు పలకలు అద్దెకిచ్చేవాడి దగ్గరికీ పోయి రోజు ఖాయం చేసుకున్నాడు.

అమ్మ చేతిలో అగ్గిపెట్టె డొప్ప అలాగే ఉండిపోయింది.

"నీకు పిచ్చి పట్టిందా?"

"పిచ్చి ఏంటికి? లెక్క చూడు. మందు కొంటే రెండేండ్లకు డబ్బూ ఉండదు, నేను ఉంటానో లేదో ఆ డాక్టరమ్మకే తెలీదు. మిద్దె పోస్తే మిద్దె ఉంటాది. పాడైపోయిన గోడకు ఎవడన్నా పూత పూస్తాడా?"

"నువ్వు గోడవా?"

"ఇప్పుడు గోడ కంటే కొంచెం తక్కువే" అన్నాడు నాయన, వదులైన చొక్కా పట్టుకుని చూపిస్తూ.

అమ్మ ఆ తర్వాత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడవలసినవన్నీ నా మీదుగా పోయేవి. ఇద్దరూ చేయి చాస్తే అందేంత దూరంలో కూర్చునేవాళ్లు.

"మీ నాయన్ను అడుగు, గంజి తాగుతాడా అని."

"తాగుతానని చెప్పు మీ అమ్మకు. ఉప్పు తక్కువ ఎయ్యమని చెప్పు."

"ఉప్పు ఏసేసినానని చెప్పు."

"సరే, తాగుతానని చెప్పు."

నేను ఎవరికీ ఏమీ చెప్పేవాణ్ణి కాదు. అందరికీ అన్నీ తెలిసేవి.

నాకు ఒక ఉపాయం తట్టింది. దుకాణంలో జీతం ముందుగా అడిగి, నాయనకు చెప్పకుండా మందులు కొనుక్కొచ్చి ఆయన ముందు పెట్టాను. కొంటావా అంటే కాదనే మనిషి, కొన్నదాన్ని పారేయమంటే పారేయలేడు. సూది మందు సీసాల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి, "ఎంత పెట్టి కొన్నావు? అయ్యో, అయ్యో" అని, చివరికి చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. నేను కనిపెట్టిన వైద్యం అదొక్కటే. నా జీతం ఆ వైద్యానికి కొన్ని వారాలు సరిపోయేది, కొన్ని వారాలు సరిపోయేది కాదు. సరిపోని వారాల్లో నాయన తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు, డబ్బు మిగిలిందని.

మిద్దె పోసే రోజు రానే వచ్చింది. ఒకప్పుడు నాయన దగ్గరే తాపీ పట్టుకోవడం నేర్చుకున్న మనిషి, ఇప్పుడు పేరున్న మేస్త్రి, ఆ రోజు పని పట్టాడు. మా వైపు ఒక ఆచారం ఉంది. మిద్దె పోసే రోజు ఇంటి యజమాని మేస్త్రికి పంచె, తువ్వాలు పెట్టాలి, పనివాళ్లందరికీ కడుపు నిండా భోజనం పెట్టాలి. నాయన తన బతుకంతా ఆ పంచెలు తీసుకున్న మనిషి. ఇచ్చింది ఎప్పుడూ లేదు. అందుకని వారం ముందే అమ్మతో చెప్పి, అంటే నాతో అమ్మకు చెప్పించి, మంచి సన్నంచు పంచె తెప్పించుకున్నాడు. వేళ్లతో నేత తడిమి చూసి, తనకు ఇన్నేళ్లలో ఎవరూ ఇంత మంచిది పెట్టలేదన్నాడు.

రోడ్డు పక్కన చిన్న పందిరి వేసి, నులక మంచం మీద ఆయన్ను కూర్చోబెట్టాం. పంచె ఇస్తే ఆ మేస్త్రి వంగి కాళ్లు పట్టుకున్నాడు. లేవడం లేదు.

"లెయ్ రా, లెయ్" అన్నాడు నాయన. "నువ్వు ఏడస్తా ఉంటే ఆడ కలిపింది గట్టిపడిపోతాది."

మిషను మోత మొదలైంది. ఆడా మగా వరసగా నిచ్చెన మీద నిలబడి గంపలు అందుకున్నారు. నాయనకు అరిచే గొంతు లేదు కాబట్టి చేతికర్రతో మంచం కోడును కొట్టేవాడు. ఒకసారి కొడితే ఎవరో పరుగెత్తుకొచ్చేవాళ్లు. "నీళ్లు ఎక్కువైనాయి, తగ్గించమని చెప్పు." "ఆ మూల పొడవలేదు, కమ్మితో పొడవమని చెప్పు." మిద్దె మీద ఏముందో కిందినుంచి ఆయనకు కనబడదు. చప్పుడు విని చెప్పేవాడు. అమ్మ వెనకాల పెద్ద అండాల్లో బిర్యానీ వండించింది. ఆమె ఎంత ఖర్చు పెట్టిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మధ్యాహ్నం ఆమే ఒక ఆకులో రెండు ముద్దలు పెట్టుకుని వచ్చి నాయన పక్కన కూర్చుని, "తిను" అంది. నా మీదుగా కాదు, నేరుగా. నాయన ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద మిగిల్చాడు. చివరి గంప పడేసరికి ఎండ తిరిగిపోయింది. ఎక్కడా ఆపలేదు. అతుకు లేదు.

మరుసటి రోజు నుంచి మిద్దె మీద మడులు కట్టి నీళ్లు నిలపడం నా పని. మాకు మోటారు లేదు. పక్క తోట బోరింగు నుంచి బిందెలతో మోసేవాణ్ణి. పొద్దున ఒకసారి పోసి దుకాణానికి బస్సెక్కితే, సాయంత్రం వచ్చి ఇంకోసారి. అద్దె ఇంట్లో పడుకున్న నాయన నా అడుగుల చప్పుడు వినగానే అడిగేవాడు.

"పోసినావా?"

"పోసినా."

"నిలిచి ఉండాదా, ఇంకిపోయిందా?"

"నిలిచి ఉండాది."

"పైన గట్టిపడిందని మానేసేవు. చూడు, గోడ అంచుల్లో ముందు ఆరిపోతాది, ఆడ పొయ్యి."

సూది మందు సీసాలు ఇంకా కొన్ని ఉన్నాయి. కాంపౌండరు వస్తే నాయన చెయ్యి చాపేవాడు గానీ, పొడవడానికి అక్కడ కండ లేదు.

మూడో వారం మొదట్లో, ఒక పొద్దున, నేను నీళ్లు పోయడానికి బయల్దేరుతుండగా నాయన పోయాడు. పెద్ద గొడవేం లేదు. దగ్గు ఆగిపోయింది. ఎప్పుడూ ఆగినట్టే ఆగిందనుకుని అమ్మ కాసేపు గంజి కలుపుతూనే ఉంది.

బంధువులు వచ్చారు. పందిరి పడింది. ఆ మేస్త్రి తన పనివాళ్లనందరినీ తీసుకొచ్చాడు. అటక మీద నుంచి కట్టుకమ్మి, మేకులు దించి పాడె కట్టారు. అడగవలసిన మనిషి లేడు కాబట్టి ఎవరూ అడగలేదు. ఎత్తబోయే ముందు, ఏడుస్తున్న అమ్మ ఒక్కసారిగా ఏడుపు ఆపి నా వైపు తిరిగింది.

"పైన నీళ్లు పోసినావా?"

లేదన్నాను.

"పో. పోసి రా."

"ఇప్పుడా అమ్మా? మనుషులు నిలబడి ఉండారు..."

"నిలబడతారు. పోసి రాప్పా. ఆయన విన్నాడంటే అరస్తాడు."

ఎవరూ నవ్వలేదు. ఆ మేస్త్రి ఒక సైకిలు తీసుకుని నన్ను ఎక్కించుకున్నాడు. ఇద్దరం బిందెలు మోసి, ముందు గోడ అంచుల్లో, తర్వాత మిగతా మడులన్నిటిలోనూ నిండా పోసి, తిరిగొచ్చాం. పాడె దగ్గర మనుషులు నీడకు జరిగి మా కోసం నిలబడి ఉన్నారు. అప్పుడు ఎత్తాం.

మూడు వారాలు నిండేదాకా పోశాను. తర్వాత కొన్ని రోజులు ఎక్కువే పోశాను, ఎవరూ చెప్పకపోయినా. సెంట్రింగు పలకలు విప్పిన రోజు ఆ మేస్త్రి ముందు గదిలో నిలబడి, తలెత్తి, ఒక మూల నుంచి ఇంకో మూలకు చాలాసేపు చూశాడు.  ఒక్క చిన్న చీలిక కూడా లేదు. ఇప్పటికి ఎన్నో వానలు పోయాయి, ఆ మిద్దె ఎక్కడా కారలేదు.

మేము అక్కడికి మారేటప్పుడు అమ్మ డబ్బాలన్నీ తనే మోసింది. కొత్త ఇంట్లో అటక కట్టించలేదు, గోడకు రెండు చెక్కలు కొట్టి వాటి మీద పేర్చింది. పాలపొడి డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆగి మూత తీసింది. అడుగున కొన్ని మాత్రల అట్టలు, వాడని సూది మందు సీసాలు ఉన్నాయి. వాటిని షాపులో తిరిగిస్తే సగం ధరైనా వస్తుందని నేను చెప్పబోయి ఊరుకున్నాను. అమ్మ వెనక తలుపు తీసుకుని బయటికి పోయి, గుంత తవ్వి, అన్నీ అందులో పోసి పూడ్చింది. డబ్బును అలా మట్టిలో వేయడం నేను ఆమె దగ్గర చూడటం అదే మొదలు.

డబ్బా మాత్రం పారెయ్యలేదు. బూడిద పెట్టి తోమి, కడిగి, మిద్దె మీద ఎండలో బోర్లించింది.

"ఏమేస్తావు అందులో?" అని అడిగాను.

"ఇప్పుడు ఏమీ లేదు" అంది అమ్మ. "ఉండనీ. ఏదో ఒకటి మిగలతాది లే."